సూది గుచ్చే ముందు

తెలంగాణ పల్లెల నుంచి సూరత్‌కు వలస వెళ్లి, లింబాయత్ చుట్టుపక్కల సాంచాలు (మరమగ్గాలు) నడుపుకుంటూ బతికిన పద్మశాలి కుటుంబాల్లో ఒక తరం ఇప్పుడు అరవై దాటింది. ఆ వయసు మగవాళ్లలో చాలామందికి మూత్రం ధార సన్నబడుతుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. డాక్టరు రక్తపరీక్ష రాస్తాడు. లేదంటే కొడుకో కూతురో తీసుకొచ్చిన హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఆ పరీక్ష తనంతట తానే కలిసివస్తుంది. ల్యాబ్ కాగితంలో పీఎస్ఏ అన్న వరుసలో ఆరో ఏడో అంకె కనిపిస్తుంది, దాని పక్కన హద్దు 4 అని రాసి ఉంటుంది. ఇక ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. 'ఆలస్యం ఎందుకు, రేపే ముక్క తీయించుకుందాం' అనేది ఒకటి. 'ముక్క తీస్తే క్యాన్సర్ కదిలి ఒళ్లంతా పాకుతుంది, ఆ జోలికే పోవద్దు' అనేది రెండోది. రెండు పక్షాలూ సూది గురించే వాదించుకుంటాయి. ప్రోస్టేట్ బయాప్సీలో, అంటే ఆ గ్రంథి నుంచి సూదితో ముక్క తీసే పరీక్షలో, సూది పని పావుగంటది. అది మేలు చేస్తుందా, వృథా అవుతుందా, జ్వరంతో ఆసుపత్రి పాలు చేస్తుందా అన్నది చాలావరకు అంతకు ముందే, ఏ ఏ ప్రశ్నలకు జవాబులు తేల్చుకుని బల్ల ఎక్కామన్న దాన్నిబట్టి నిర్ణయమైపోతుంది. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది అదే.

ముందు ఆ అంకె సంగతి. ప్రోస్టేట్ మగవాళ్లలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. యవ్వనంలో ఇరవై గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, వయసు మీదపడే కొద్దీ చాలామందిలో పెరుగుతుంది. వీర్యాన్ని పలచబరిచే ఒక ప్రొటీన్ అందులో తయారవుతుంది. దాన్ని 1979లో అమెరికాలోని రోజ్‌వెల్ పార్క్ సంస్థలో మింగ్ చూ బృందం శుద్ధిచేసి వేరుచేసింది. అదే పీఎస్ఏ. ఈ పరీక్షకు అమెరికా ప్రభుత్వం 1986లో మొదటిసారి అనుమతి ఇచ్చింది అప్పటికే క్యాన్సర్ ఉన్నవారిలో చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి. రోగం ఉందో లేదో పట్టుకోవడంలో సాయంగా వాడవచ్చని చెప్పింది 1994లో. ఈ తేడా గుర్తుంచుకోదగ్గది. పీఎస్ఏను తయారుచేసేది ప్రోస్టేట్ గ్రంథి, క్యాన్సర్ ఒక్కటే కాదు. గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రం బిగుసుకుపోయి గొట్టం వేసినా ఆ అంకె పెరుగుతుంది. ఈ రంగంలో తొలి పరిశోధకుల్లో ఒకడైన రిచర్డ్ ఏబ్లిన్, 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, ఈ పరీక్షను అందరికీ గుడ్డిగా చేయడం పెద్ద పొరపాటని తిట్టిపోశాడు. ఆయన మాటల్లో కోపం పాలు కాస్త ఎక్కువే. పీఎస్ఏను చూసి చేసిన స్క్రీనింగ్ వల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు కొంత తగ్గాయని యూరప్‌లో ఏళ్ల తరబడి నడిచిన పెద్ద అధ్యయనం చూపించింది. కానీ ఒక్క అంకెను చూసి బల్ల ఎక్కకూడదన్న వరకూ ఏబ్లిన్ మాట నిలుస్తుంది.

అందుకని మొదటి ప్రశ్న: ఆ రక్తం ఏ పరిస్థితిలో తీశారు? మంటతో మూత్రం పోస్తున్న రోజుల్లో తీసిన పీఎస్ఏ 12 వచ్చినా, ఇన్‌ఫెక్షన్ తగ్గాక కొన్ని వారాలకు మళ్లీ చేస్తే సగానికి పడిపోవచ్చు. దీనికి తలకిందులైన పొరపాటు కూడా ఉంది. ప్రోస్టేట్ వాపుకు ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ అనే మాత్రలు ఇస్తారు. ఆరు నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగమవుతుంది. అంటే ఆ మాత్రలు వేసుకునేవారికి 3.5 వస్తే దాన్ని 7గా చదవాలి. మందుల షాపులో పాత చీటీ చూపించి ఏళ్లతరబడి అవే మాత్రలు కొనుక్కునేవాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పకపోతే, హద్దులోపలి అంకె చూసి అందరూ నిశ్చింతగా ఉండిపోతారు. అసలు 4 అన్న హద్దు కూడా పడమటి దేశాల మగవాళ్లను చూసి గీసినది. మూత్ర సమస్యలతో వచ్చిన మన దేశపు రోగుల్లో ఈ హద్దును 5.4 దాకా పెంచితే అనవసరపు బయాప్సీలు తగ్గుతాయని లక్నో పరిశోధకులు 2014లో ప్రతిపాదించారు. అదే సార్వత్రిక నియమమని నేను అనడం లేదు. 4.3 వచ్చిందని ఆ రాత్రి నిద్ర మానుకోనక్కర్లేదని మాత్రం అంటాను.

రెండో ప్రశ్న గ్రంథి ఎంత పెద్దదని. పీఎస్ఏ 6 వచ్చిన ఇద్దరిని తీసుకోండి. ఒకరి గ్రంథి 60 గ్రాములు, మరొకరిది 25. గ్రంథి పరిమాణంతో పీఎస్ఏను భాగిస్తే మొదటివారికి 0.10 వస్తుంది, రెండోవారికి 0.24. దీన్ని పీఎస్ఏ డెన్సిటీ అంటారు. 0.15 దాటితే అనుమానం బలపడుతుంది. మొదటివారిలో ఆ ప్రొటీన్ అంతా ఉబ్బిన గ్రంథి నుంచే వస్తుండవచ్చు, రెండోవారిలో అంత చిన్న గ్రంథి అంత ప్రొటీన్ ఎందుకు వదులుతోందో చూడాల్సిందే. ఇందుకు కావాల్సింది మామూలు అల్ట్రాసౌండు రిపోర్టు, ఒక భాగహారం. ఖరీదైన పరీక్షల గురించి మాట్లాడేముందు ఈ లెక్క వేసి చూపించమని అడగడానికి మొహమాటపడకూడదు. డాక్టరు గ్లవ్ తొడుక్కుని మలద్వారం గుండా వేలితో గ్రంథిని తడిమి చూసే పరీక్ష కూడా ఇలాంటిదే. సిగ్గుతో మనవాళ్లు వద్దనేస్తారు. పీఎస్ఏ మామూలుగా ఉన్నా రాయిలా గట్టిగా తగిలే గడ్డ దొరికేది ఆ వేలికే.

ఇక ఎంఆర్ఐ. గత పదేళ్లలో ప్రోస్టేట్ బయాప్సీ పద్ధతిని ఇంతగా మార్చింది మరొకటి లేదు. బ్రిటన్‌లో 576 మందిపై చేసిన ప్రామిస్ అధ్యయనం 2017లో వెలువడింది. ప్రమాదకరమైన క్యాన్సర్‌ను పాత పద్ధతి బయాప్సీ 48 శాతం మందిలోనే పట్టుకోగా, ఎంఆర్ఐ 93 శాతం మందిలో అనుమానించగలిగింది. మరుసటి ఏడు 500 మందితో జరిగిన ప్రెసిషన్ అధ్యయనంలో, ముందు ఎంఆర్ఐ తీసి అనుమానం ఉన్నచోటే సూది వేసినవారిలో 38 శాతానికి ప్రమాదకరమైన క్యాన్సర్ బయటపడింది. నేరుగా సూది వేసినవారిలో అది 26 శాతం. పట్టించుకోనక్కర్లేని చిన్న క్యాన్సర్లు బయటపడటం మాత్రం 22 నుంచి 9 శాతానికి తగ్గింది. ఎంఆర్ఐ తీసినవారిలో 28 శాతం మందికి సూదే అవసరపడలేదు. అవసరమైన రోగం ఎక్కువగా దొరికి, అనవసరమైనది తక్కువగా దొరకడం వైద్యంలో అరుదు. సాధారణంగా వలను బిగిస్తే రెండూ పెరుగుతాయి. దీనికి సహజంగానే ఒక అభ్యంతరం వస్తుంది: మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఎంఆర్ఐ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? న్యాయమైన ప్రశ్నే. 2025లో వెలువడిన ప్రైమ్ అధ్యయనం దీన్ని కొంత తేలిక చేసింది. నరంలోకి రంగు మందు ఎక్కించకుండా తీసిన క్లుప్తమైన ఎంఆర్ఐ కూడా పూర్తి స్కాన్‌తో సమానంగా పనిచేసింది, రెంటిలోనూ దాదాపు 29 శాతం మందిలో ప్రమాదకరమైన క్యాన్సర్ దొరికింది. అదీ కుదరనిచోట పీఎస్ఏ రెండోసారి చేయించడం, డెన్సిటీ లెక్క, వేలి పరీక్ష ఉండనే ఉన్నాయి. ఎంఆర్ఐ లేదన్న నెపంతో గట్టిపడిన గ్రంథికి బయాప్సీ వాయిదా వేయడం మాత్రం తెలివైన పని కాదు.

ఇన్ని ప్రశ్నలు దాటాక కూడా అనుమానం నిలిచిందనుకుందాం. అప్పుడు ఎదురొచ్చేది రెండో పక్షం వాదన. కదిలిస్తే పాకుతుంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువు, కానీ ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. మన దగ్గర ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో చాలామంది నడుము నొప్పి పట్టుకున్నాకే, అంటే రోగం ఎముకల్లోకి పాకాకే ఆసుపత్రి గడప తొక్కుతారు. అప్పుడు ముక్క తీస్తారు. ఏడాది రెండేళ్లలో మనిషి పోతాడు. ఊరు గుర్తుంచుకునేది వరుసను: ముక్క తీశారు, మనిషి పోయాడు. రోగం ముందే పాకిందన్న సంగతి ఆ వరుసలో కనిపించదు. సూది దారి వెంట క్యాన్సర్ కణాలు నాటుకోవడం అసలే జరగదా అంటే, జరిగింది. కొన్ని దశాబ్దాల వైద్య సాహిత్యాన్ని గాలించి ఒకచోట చేరిస్తే అలాంటి రోగులు కొన్ని పదుల సంఖ్యలో తేలారు. ప్రపంచంలో ఏటా లక్షలాది ప్రోస్టేట్ బయాప్సీలు జరుగుతాయి. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. దానికితోడు, ముక్క లేకుండా చికిత్స మొదలుపెట్టాలంటే ఏ బాధ్యత గల డాక్టరూ సామాన్యంగా ఒప్పుకోడు. రేడియేషన్ ఇవ్వాలన్నా, గ్రంథి తీసేయాలన్నా, హార్మోను సూదులు వేయాలన్నా అక్కడ ఉన్నది ఏ రకం క్యాన్సరో తెలియాలి. పీఎస్ఏ వందల్లో ఉండి, ఎముకల స్కాన్‌లో మచ్చలు నిండి, మనిషి లేవలేని స్థితిలో ఉన్నప్పుడు కొన్నిసార్లు ఈ నియమాన్ని సడలిస్తారు. అలాగే ఎనభై దాటి, గుండె, కిడ్నీలు బలహీనపడి, పదేళ్ల ఆయుష్షు ఆశించలేని పెద్దాయనకు చిన్న అనుమానంతో బయాప్సీ చేసి సాధించేది ఏమీ ఉండదు. ఆయనకు ఆ రక్తపరీక్షే చేయించకుండా ఉండాల్సింది.

బల్ల మీద జరిగేది చూద్దాం. జపాన్‌కు చెందిన హిరోకి వతనాబే 1960ల చివర్లో మలద్వారం గుండా అల్ట్రాసౌండు పరికరం పంపి ప్రోస్టేట్‌ను చూసే మార్గం వేశాడు. 1989లో స్టాన్‌ఫర్డ్‌లో హాడ్జ్, స్టేమీ తదితరులు ఆ బొమ్మను చూస్తూ గ్రంథిలో ఆరు చోట్ల క్రమంగా ముక్కలు తీసే పద్ధతి ప్రవేశపెట్టారు. ఇప్పుడవి సాధారణంగా పన్నెండు. ఎంఆర్ఐలో మచ్చ కనిపిస్తే అక్కడ మరో రెండు మూడు. రోగి పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. లేదా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పెడతారు. గ్రంథి చుట్టూ మత్తు సూది ఇస్తారు, ఆ కాసేపు చురుక్కుమంటుంది. ఆపైన స్ప్రింగ్ బిగించిన పరికరం టప్పుమని చప్పుడు చేసి, సన్నని సూదిని రెప్పపాటులో లోపలికి పంపి వెనక్కు లాగుతుంది. చాలామంది ఉలిక్కిపడేది నొప్పికి కాదు, ఆ చప్పుడుకు. సూది గాడిలో ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున దారప్పోగంత కండ వస్తుంది. దాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి, గ్రంథిలో ఏ మూల నుంచి తీశారో చీటీ అంటిస్తారు. బియ్యం వ్యాపారి బస్తాలోకి గొట్టం గుచ్చి నాలుగు గింజలు తీసి చూడటం లాంటిదే ఇది. గొట్టం వెళ్లనిచోట పురుగుంటే దొరకదు. ఎంఆర్ఐ లేకుండా చేసిన బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా, పీఎస్ఏ పెరుగుతూనే ఉంటే మళ్లీ వెతకాల్సి రావడం ఇందుకే.

రోగి గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని చాలామంది అడగరు. సూది ఏ దారిన వెళుతుంది? పాత దారి మలద్వారం గోడగుండా. రెండోది వృషణాల సంచికీ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా. మొదటి దారిలో సూది మలంలోని బాక్టీరియాను మోసుకుని గ్రంథిలోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేర్చగలదు. ఈ పని జరగకుండా ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ మందు పనిచేసినన్నాళ్లు ఇబ్బంది లేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 75 వేల మందికి పైగా రికార్డులు తిరగేస్తే, బయాప్సీ తర్వాత ఇక్కట్లతో ఆసుపత్రిలో చేరినవారు 1996లో ఒక శాతం, 2005 నాటికి 4.1 శాతం. అందులో ఎక్కువ భాగం ఇన్‌ఫెక్షన్లే. సూది మారలేదు, బాక్టీరియా మందుకు అలవాటుపడింది. మన దేశంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాలో పెద్ద భాగం ఇక్కడ సిప్రోఫ్లోక్సాసిన్ రకం మందులకు లొంగదు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటుకు ఇందులో వాటా ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ ఊరు ఊరంతా మందుల షాపుల మీద పడితే టెట్రాసైక్లిన్ దొరక్కుండా పోయింది. ఆ రోజుల్లో దాన్ని తప్పుపట్టలేం. జలుబుకూ విరేచనాలకూ కూడా అదే తీరున కొని, రెండు రోజులు మింగి మానేయడం ఈ దేశంలో ఏ ఊళ్లోనూ ఆగలేదు. దాని ఫలితం ఎక్కడ తేలుతుందో ఎవరూ ఊహించరు. ప్రోస్టేట్ బయాప్సీ గది అలాంటి చోట్లలో ఒకటి.

చర్మం గుండా వెళ్లే దారిలో ఈ మురికి తగలదు. అమెరికాలో 658 మందితో జరిగి 2024లో వెలువడిన ప్రివెంట్ అధ్యయనంలో, చర్మం దారిన యాంటీబయాటిక్ ఇవ్వకుండానే చేసినా ఇన్‌ఫెక్షన్ ఒక్కరికీ రాలేదు. మలద్వారం దారిన, ఎవరి బాక్టీరియాకు తగ్గ మందు వారికి ఎంచి ఇచ్చినా 1.4 శాతానికి వచ్చింది. ఈ తేడా గణాంకాల హద్దును కొద్దిలో తప్పిందని, కాబట్టి పాత దారి కూడా జాగ్రత్తగా చేస్తే సరిపోతుందని వాదించేవారున్నారు. నేను ఆ వాదనను పూర్తిగా కాదనను. ఆ అధ్యయనంలో పాత దారికి దొరికిన జాగ్రత్త, అంటే ముందుగా మలాన్ని కల్చర్ చేసి పనికొచ్చే మందును ఎంచడం, మన ఆసుపత్రుల్లో ఎందరికి దొరుకుతుందన్నదే నా సందేహం. యూరప్ యూరాలజీ సంఘం 2021 నుంచి చర్మం దారికే మొగ్గు చూపుతోంది. దానికి నొప్పి కాస్త ఎక్కువ, పరికరమూ నేర్పూ అన్నిచోట్లా ఉండవు. పాత దారే గతి అయితే, సూదికి ముందు మలద్వారాన్ని పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారా అని అడగండి. చవకైన పని, ఇన్‌ఫెక్షన్లను తగ్గిస్తుందని రుజువైన పని.

డాక్టరుకు మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. గడిచిన కొన్ని నెలల్లో ఏ యాంటీబయాటిక్ మింగారు, ఆసుపత్రిలో చేరారా, షుగరు ఉందా, గుండె కవాటం మార్చారా, స్టెంటు వేశారా. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. ఆస్పిరిన్ తక్కువ మోతాదులో వాడుతుంటే చాలాసార్లు కొనసాగించమనే చెబుతారు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరును కూడా అడిగి తేల్చాలి. సూరత్‌లో సంతకం పెట్టాల్సిన కాగితం గుజరాతీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. హిందీ మాట్లాడగలిగిన మన పెద్దలకు కూడా అందులోని వైద్యం మాటలు అర్థం కావు. న్యూ సివిల్ ఆసుపత్రికి వెళ్లినా, కార్పొరేషన్ నడిపే స్మీమేర్‌కు వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా చదివి చెప్పగల మనిషిని వెంట పెట్టుకుని వెళ్లడం మర్యాదకు లోటు కాదు.

బయాప్సీ అయ్యాక మూత్రంలో కొన్ని రోజులు ఎర్రజీర కనిపిస్తుంది, మలంలో ఒకటి రెండు రోజులు. వీర్యంలో రక్తం ముదురు గోధుమ రంగులో వారాల తరబడి కనిపించవచ్చు. దీన్ని ముందే చెప్పకపోతే మగవాళ్లు హడలిపోతారు, ఇంట్లో ఎవరితోనూ అనలేరు. అది దానంతట అదే పోతుంది, భార్యకు ఏ హానీ చేయదు. సాంచా మీద బీము ఎత్తే పని కొద్దిరోజులు మానుకోవాలి, కూలి పోయినా సరే. గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, మూత్రం బిగుసుకుపోయినా, చలితో ఒణికి జ్వరం 100.4 డిగ్రీలు దాటినా తెల్లవారేదాకా ఆగకూడదు. క్రోసిన్ వేసుకుని చూద్దామనుకున్న ఆ ఆరేడు గంటల్లో మామూలు ఇన్‌ఫెక్షన్ రక్తమంతా పాకగలదు. ఆసుపత్రి గేటు దగ్గర మొదట చెప్పాల్సిన మాట జ్వరం అని కాదు, ప్రోస్టేట్ బయాప్సీ అయ్యిందని.

రిపోర్టు వస్తుంది. అందులో క్యాన్సర్ అన్న మాట ఉంటే దాని పక్కనున్న అంకె చూడాలి. మినియాపొలిస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్టు 1966లో ఈ అంకెలకు పునాది వేశాడు. కణాల అమరిక ఎంత చెదిరిందో చూసి, ఎక్కువగా ఉన్న రెండు రకాల అమరికలకు మార్కులు వేసి కలుపుతారు. ఇప్పుడు అతి తక్కువ 3+3, అంటే 6. కొత్త లెక్కలో దీన్ని గ్రేడ్ గ్రూప్ 1 అంటారు, మిగిలినవి 5 దాకా వెళతాయి. 6 వచ్చినవారిలో చాలామందికి ఆపరేషనూ రేడియేషనూ వెంటనే అక్కర్లేదు. పీఎస్ఏ, ఎంఆర్ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీతో కనిపెట్టుకుని ఉంటే చాలు. క్యాన్సర్ అని తెలిశాక చేతులు ముడుచుకు కూర్చోమంటారా అని కోపం వస్తుంది. బ్రిటన్‌లో ప్రోటెక్ట్ అధ్యయనం 1,643 మందిని మూడు గుంపులుగా చేసి 15 ఏళ్లు గమనించింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు కనిపెట్టుకుని ఉన్న గుంపులో 3.1 శాతం, ఆపరేషన్ గుంపులో 2.2, రేడియేషన్ గుంపులో 2.9. ఆ తేడాకు గణాంకపరంగా విలువ లేదు. అయితే రోగం దూరంగా పాకినవారు మొదటి గుంపులో 9.4 శాతం, మిగతా రెంటిలో సుమారు 5 శాతం. కనిపెట్టుకుని ఉండటం అంటే నిజంగానే కనిపెట్టుకుని ఉండాలని ఈ రెండో వరుస చెబుతుంది. ఏడాదిలో సగం సూరత్‌లో, సగం సిరిసిల్లలో గడిపే మనిషికి అది అంత తేలిక కాదు. ఆరునెలలకోసారి రాలేనని ముందే తెలిసినవారు ఆ మాట దాచకుండా చెప్పి చికిత్స ఎంచుకోవడమే మంచిది. అంకె 8, 9, 10 అయితే ఈ చర్చే లేదు, కాలయాపన చేయకూడదు.

3కీ 4కీ మధ్య గీత గీయడంలో అనుభవమున్న పాథాలజిస్టులే ఒక్కోసారి విభేదిస్తారు. ఆ ఒక్క అంకె మీద గ్రంథి ఉండాలా తీసేయాలా అన్నది ఆధారపడుతుంది కాబట్టి రెండో అభిప్రాయం అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. నడియాడ్‌లోని ముల్జీభాయ్ పటేల్ యూరాలజీ ఆసుపత్రి, అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ సూరత్ నుంచి రైలు దూరంలోనే ఉన్నాయి. చికిత్సకు సొంత రాష్ట్రం వెళ్లేవారికి హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. గాజు స్లైడ్లు, ముక్కలను మైనంలో పోసి దాచిన బ్లాకులు ల్యాబ్‌లోనే ఉంటాయి. అవి మీ ఒంట్లోంచి తీసినవి. రసీదు రాసి, అడిగి తీసుకుని, ఎంఆర్ఐ సీడీతో పాటు వెంట పెట్టుకుని రైలెక్కండి.